మన మడి పూలు

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి, నడుం పట్టేస్తే మెట్ల దగ్గర నిలబడ్డాను. రోడ్డు మధ్య డివైడర్ మీద లారీలోంచి పూసిన బంతి కుండీలు దించుతున్నారు, వాడినవి ఎక్కించుకుపోతున్నారు. నాటడమూ లేదు, నీళ్లు పట్టి ఎదురుచూడడమూ లేదు. చూస్తుంటేనే నాకు అలసట వచ్చింది.

నేను ఆ దగ్గర్లోనే ఒక పెద్ద గవర్నమెంటు పూలతోటలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైనదాన్ని. మాది కోస్తా, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. ఎండలు ముదరకముందే మడులు తవ్వి బంతి, జినియా, సీతమ్మజడ నారు నాటితే ఉగాది దాటేసరికి తోటంతా పసుపూ ఎరుపూ. నా పక్కన వంగి నాటింది నల్లగొండ నుంచి వచ్చిన అక్క. వయసుకు పెద్దది గనుక నాకు అక్క, ఉద్యోగంలో పెద్దదాన్ని గనుక ఆమెకు నేను మేడమ్. ఒకే డబ్బాలో తిన్నవాళ్లం. తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడు మాత్రం, మీరూ ఎరుగుదురు కదా, మాటలు తగ్గాయి. ఆమె సాయంత్రాలు చౌరస్తాలోని దీక్షా శిబిరానికి వెళ్లేది. నేను ఈ ఊళ్లో ఇక ఉండనిస్తారో లేదోనన్న బెంగతో బస్సెక్కేదాన్ని.

ఆ వేసవి మొదట్లో, మర్నాడు ఆఫీసరు తోట చూడ్డానికి వస్తాడనగా, అక్క నా ఎదుటికొచ్చింది. శిబిరంలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారట. పండగ కాని రోజుల్లో బతుకమ్మను పేర్చే గునుగు పువ్వు ఎక్కడ దొరుకుతుంది?

"మీ తోట పూలు జర తెంపుకపోనా మేడమ్? వద్దంటే ఊకుంట" అంది, నా మొహం చూడకుండా.

నాకు కోపం వచ్చింది. ఉద్యమం మీద కాదు, ఎప్పుడూ మన మడి అనే మనిషి మీ తోట అన్నందుకు. బుట్ట తెచ్చి నేనే వంగి కోయడం మొదలుపెట్టాను.

మర్నాడు ఆఫీసరు ఆకులు తప్ప పువ్వులేని మడులు చూసి, ఎవరు కోశారని గద్దించాడు. "నేనే కోయించానండీ" అన్నాను. "నేనే తెంపిన సార్" అంది అక్క, ఆ క్షణానే. ఎవరి మీద కేకలెయ్యాలో తోచక, ఇద్దరికీ మెమో ఇస్తానంటూ వెళ్లిపోయాడు. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, మన మడి మళ్ల పూస్తది తియ్యి అంది. ఆ మాట విని ఎన్నాళ్లయిందో, నాకు కళ్లు తడిశాయి.

రాష్ట్రం వచ్చింది. మమ్మల్నెవరూ వెళ్లగొట్టలేదు. తోటలో సగం రోడ్డు కింద పోయింది, అక్కా పోయింది. నాకిప్పుడు వంగితే లేవడం కష్టం.

అయినా మొన్న ఉండబట్టలేక డివైడర్ దాకా వెళ్లి, వంగి ఒక బంతిపువ్వు మీద చెయ్యి వేశాను. ముట్టకమ్మా, కాంట్రాక్టరువి అన్నాడు లారీ డ్రైవరు. ఇంత రోడ్డు మీద ఇన్ని పూలున్నా, మన పూలు అనేవాళ్లు ఒక్కరూ లేరు కదా అనుకుంటూ ఆటో ఎక్కాను.