కలపని ఒక్క మాట

శనివారం ఉదయం 09:40కి సైనిక విడిది పార్కుకు చేరాం. ఉష్ణోగ్రత మైనస్ మూడు డిగ్రీలు. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. నేల మీద పాత మంచు గట్టిపడి ఉంది. బూటు మోపితే పెళుసుగా విరుగుతోంది. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అల్లుడి అపార్ట్‌మెంట్ నుంచి గంటా పది నిమిషాల ప్రయాణం. బలగం: నేను, మా అల్లుడు, పదకొండేళ్ల మనవరాలు సంహిత, అదే కాంప్లెక్సులో ఉండే ఆమె స్నేహితులు ముగ్గురు. సామగ్రి: థర్మాస్ ఒకటి, పులిహోర డబ్బాలు రెండు, నేను రోజూ రాసుకునే నోట్‌బుక్. నాకు అప్పగించిన డ్యూటీ: పిల్లలను లెక్కపెట్టి దింపడం, లెక్కపెట్టి ఎక్కించడం.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. రాయని సంగతిని జరగని సంగతిగానే చూడడం నాకు అలవాటు. తిరిగి వచ్చాక అడిగినవారందరికీ అమెరికా బాగుందని చెప్పి ఊరుకున్నాను. అది పూర్తి నివేదిక కాదు. పూర్తి నివేదిక ఇది.

ఆ పార్కు అమెరికావారి స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యం ఒక చలికాలం గడిపిన చోటు. వాలు మీద వరసగా దుంగల గుడిసెలు మళ్లీ కట్టి ఉంచారు. ఒక్కో గుడిసెలో పన్నెండు పడకలు, ఒక పొయ్యి. కిటికీ లేదు. పిల్లలు పడకలెక్కి కొలతలు చూసుకున్నారు. అక్కడ బాత్రూమ్ ఎక్కడని ఒకడు అడిగాడు. బయట చెట్లన్నీ నీవేనన్నాను. చాలాసేపు నవ్వారు. అంతవరకు డ్యూటీ సజావుగా సాగింది.

10:30కి పాతకాలపు సైనిక దుస్తుల్లో ఉన్న స్వచ్ఛంద కార్యకర్త ఒకాయన మమ్మల్నీ, మరో రెండు కుటుంబాలనూ పొయ్యి ముందు నిలబెట్టాడు. సందర్శకుల్లో మాజీ సైనికుడు ఉంటే ఐదు నిమిషాలు మాట్లాడించడం అక్కడి ఆనవాయితీ అట. అల్లుడు ముందే నా పేరు ఇచ్చాడు, పరిచయపత్రం కూడా పంపాడు. కార్యకర్త దాన్ని పైకి చదివాడు. నా ఇంగ్లీషు తక్కువే కానీ అంకెలు, హోదాలు, స్థలాలు అర్థమవుతాయి. అందులో నేను కెప్టెన్‌ను. మంచుకొండ మీద శత్రువు బంకర్‌ను ఒంటరిగా పట్టుకున్నాను. పతకం కూడా ఉంది.

పిల్లలు నావైపు తిరిగారు. ఒకమ్మాయి సంహితను మోచేత్తో పొడిచి, "యువర్ తాతా ఈజ్ లైక్, ఎ లెజెండ్" అంది. సంహిత ముఖం వెలిగిపోయింది.

అల్లుణ్ని పక్కకు పిలిచాను. వారం కిందట స్కాన్ చేసి భద్రపరుస్తానని నా పాత సర్వీసు నోట్‌బుక్ తీసుకున్నది అతనే.

"కొంచెం పాలిష్ చేశానంతే మామయ్యగారూ. రెజ్యూమేలో అందరం చేసేదే. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ని ఎనిమిది చేయకపోతే ఇక్కడ ఇంటర్వ్యూకే పిలవరు."

"అది రెజ్యూమే కాదు బాబూ, లాగ్‌బుక్."

"పిల్లలు ఇన్‌స్పైర్ అవుతారని పెట్టాను. మీరు రెండు మాటలు చెప్పేసి వచ్చేయండి, ప్లీజ్."

ఆ నోట్‌బుక్‌లో ఉన్నది ఇది. పదిహేడు వేల అడుగుల ఎత్తున, మంచులో ఒక సరిహద్దు పోస్టు. ఎనిమిది మందిమి. తొంభై ఏడు రోజులు. ఒక్క తూటా పేలలేదు. నేను రేడియో ఆపరేటర్‌ను. డెబ్భై ఒకటో రోజున మా వంట జవానుకు ఊపిరి అందలేదు. శ్రీకాకుళం మనిషి, పోస్టులో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. నర్సింగ్ అసిస్టెంట్ పరీక్షించి చెప్పాడు: జ్వరం నూట రెండు, ఆయాసం, స్పృహ ఉంది. పోస్ట్ కమాండర్ అన్నాడు: "చెప్పింది చెప్పినట్టు పంపు."

వంట జవాను స్లీపింగ్ బ్యాగులోంచి నా చెయ్యి పట్టుకున్నాడు. "ప్రాణం మీదికొచ్చిందని ఒక్క మాట కలుపన్నా. హెలికాప్టర్ ఒచ్చెత్తాది."

కలపలేదు. 08:15కి చెప్పింది చెప్పినట్టు పంపాను. ఉన్న ఒక్క హెలికాప్టర్‌ను అంతకన్నా ఆపదలో ఉన్నట్టు తెలిపిన మరో పోస్టుకు పంపారు. మర్నాడు వాతావరణం మూసుకుపోయింది. మూడో రోజు 11:20కి అతను పోయాడు. ఆ పంక్తి నేనే రాశాను.

చావబోయే మనిషి కోసం కలపని మాటను నా మీద పొగడ్త కోసం కలపనిస్తే, ఆనాడు నేను చేసిన పనికి అర్థమేమిటి? పరిచయపత్రంలో బంకర్ ఉంది, పతకం ఉంది. వంట జవాను లేడు.

పొయ్యి ముందుకు వెళ్లాను. అనువాదానికి సంహితను పిలిచి చెయ్యి పట్టుకున్నాను. ఎర్ర ఉన్ని గ్లౌజు తొడుక్కుని ఉంది. మాట్లాడలేకపోయినా తెలుగు బాగా అర్థం చేసుకుంటుంది. చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాను. నేను కెప్టెన్‌ను కాను. ఏ బంకర్‌నూ పట్టుకోలేదు. రేడియో దగ్గర కూర్చున్నాను. మా వంట జవాను చనిపోయాడు. ఒక్క మాట కలిపితే బతికేవాడేమో, నేను కలపలేదు.

సంహిత నా ముఖంలోకి చూసింది. తర్వాత స్నేహితులవైపు చూసింది. స్పష్టమైన గొంతుతో, "మై తాత ఈజ్ వెరీ హంబుల్. హి డజంట్ లైక్ టు టాక్ అబౌట్ ద బంకర్" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. అల్లుడు అందరికన్నా ముందు.

సందేశం చేతులు మారేటప్పుడు చెడితే ఆపరేటర్‌కు తెలుస్తుంది. ఊరుకుంటే పిల్ల పరువు దక్కుతుంది. నాకు మూడు సెకన్లు పట్టింది.

"నో కెప్టెన్. నో బంకర్," అన్నాను. "రేడియో ఆపరేటర్. మై కుక్ డైడ్. దిస్ చైల్డ్ చేంజ్డ్ మై మెసేజ్."

కార్యకర్త టోపీ తీశాడు. ఒక పిల్లవాడు మెల్లగా, "సో హి డిడ్న్ట్ ఫైట్?" అన్నాడు. జవాబు చెప్పాల్సిన పిల్ల నా పక్కన లేదు. తలుపు దాటి మంచులోకి వెళ్లిపోయింది.

11:05కి నలుగురినీ లెక్కపెట్టి ఎక్కించాను. పులిహోర డబ్బాలు ఎవరూ తెరవలేదు. సంహిత వెనక వరసలో కూర్చుంది. 12:15కి ఇల్లు చేరాం. అల్లుడు చేసింది నన్ను అంతగా బాధించలేదు. అతను ఆ నోట్‌బుక్ కాగితాలే చూశాడు. సంహిత నా నోటి నుంచి విన్నది. విని మార్చింది. నేను తిరుగు విమానం ఎక్కేవరకు పందొమ్మిది రోజులు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. నేనూ క్షమాపణ అడగలేదు. అడగను.

మంచులో పోయిన వంట జవాను ముఖం నాకు కలలో రాదు. వచ్చేది ఒకటే. దుంగల గుడిసెలో చప్పట్లు ఆగిపోయిన క్షణం. నా మాట పూర్తి కాకముందే సంహిత తన చెయ్యి లాక్కుని వెళ్లిపోయింది. నా పిడికిట్లో ఎర్ర గ్లౌజు మిగిలింది. ఐదు వేళ్ల ఆకారం చెడలేదు. లోపల ఇంకా వెచ్చగా ఉంది.