అద్దాల పెట్టెలో అమ్మవారు

మా అత్తగారు సీతారత్నానికి జగిత్యాల చుట్టుపక్కల తెలియని గుడి లేదు. జ్వరానికి ఒక దేవుడు, కోర్టు కేసుకు ఒక దేవత, తప్పిపోయిన బర్రెకు ఇంకొకరు. 2020 ఫిబ్రవరిలో మా ఆవిడ భానుప్రియ పురిటికని మ్యూనిక్ వచ్చారు. మనవరాలు పుట్టింది, విమానాలు ఆగిపోయాయి. అన్ని గుళ్ల మనిషికి ఇక్కడ మా వంటింటి గోడమీది పటం ఒక్కటే మిగిలింది.

జూలైలో అత్తగారి తమ్ముడు కనకయ్యకు కరోనా వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రిలో వెంటిలేటర్ పెట్టారు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే. వెళ్లడానికి దారి లేదు. ఇక్కడ మన తెలుగువాళ్లు పండగలకు కలిసే హాలుకూ తాళమే. పటం ముందు ఎంతసేపు కూర్చున్నా ఆవిడకు తృప్తి లేదు. ప్రదక్షిణ చేయడానికి వీల్లేని మొక్కు ఏం మొక్కని గొణిగేవారు. గోడకు కొట్టిన పటం చుట్టూ ఎవరు మాత్రం తిరుగుతారు?

అప్పుడు నా బుర్రకు గొప్ప ఆలోచన తట్టింది. మ్యూజియంలు మళ్లీ తెరిచారు. దేశదేశాల వస్తువులు పెట్టే ఒకదానిలో మన రాతి అమ్మవారు ఉన్నారని ఆఫీసులో ఎవరో అన్నారు. ఆన్‌లైన్‌లో టెర్మిన్, అంటే ఫలానా టైముకు వస్తామని అపాయింట్‌మెంట్, తీసుకుని, అత్తగారిని యూబాన్ మెట్రో‌లో తీసుకెళ్లాను. దేవతకు టెర్మిన్ ఏమిటని ఆవిడ దారంతా విస్తుపోయారు. తిరుపతిలో లేదా అన్నాను.

చెక్క ముసుగులు, పొడుగు పడవలు దాటి వెళ్తే హాలు నడుమ అద్దాల పెట్టెలో అమ్మవారు. ముక్కు కొంచెం విరిగింది. అత్తగారు చెప్పులు విప్పేసి చాలాసేపు చూశారు.

"బొట్టు లేదు, దీపం లేదు. ఈమెల పానం ఉన్నదా బిడ్డా, పోయిందా?"

నాకేం తెలుసు? ఉందనే చెప్పాను.

తమ్ముడు బతకాలని మూడు ప్రదక్షిణలు మొక్కుకుని, అమ్మవారిని కుడిచేతివైపు ఉంచుకుని అడుగు వేశారో లేదో, కాపలా ఆవిడ పరుగున వచ్చింది. జనం ఎదురుపడకుండా నేలమీద బాణాలు అంటించారు. అవేమో అమ్మవారు ఎడమచేతికి వచ్చేట్టు పోతున్నాయి. వచ్చిన జర్మన్‌లో బతిమాలాను. హాల్లో మేం ముగ్గురం తప్ప పురుగు లేదు. అయినా బాణం బాణమే.

ఎటు తిరిగినా దేవతే కదా అని అత్తగారికి నచ్చజెప్పబోయాను.

"అటు తిరిగేది శవం చుట్టూ బిడ్డా," అన్నారు. "నా తమ్ముడు బతికున్నడు."

ఈవిడ అటు తిరగరు, ఆవిడ ఇటు తిరగనివ్వదు. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి అత్తగారే దారి కనిపెట్టారు. కళ్లు మూసుకుని చేతులు జోడించి, నిలుచున్నచోటే తన చుట్టూ తాను తిరగసాగారు. గుళ్లో చోటు లేనప్పుడు చేసే ఆత్మప్రదక్షిణ. కళ్లు తిరుగుతున్నాయనుకుని కాపలా ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది.

రెండో చుట్టులో నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పంపింది కనకయ్య కొడుకు. 'నాయిన ఇప్పుడే పోయిండు అన్నా.'

ఆపాలా, తిరగనివ్వాలా? నేను తేల్చుకునేలోపే ఆవిడ మూడో చుట్టు ముగించి కళ్లు తెరిచారు. మాస్కు ఉన్నా నా ముఖం దాగలేదు.

"ఎప్పుడు?" అన్నారు.

ఆవిడ మొక్కుతుండగానే పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. దేవతమీద నమ్మకమైనా మిగలనీ అనుకున్నాను.

"పొద్దున్నే అత్తమ్మా. మనం బయల్దేరకముందే."

ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చారు. కాపలా ఆవిడ దూరం సంగతి మరిచి భుజంమీద చెయ్యి వేసింది. చాలాసేపటికి అత్తగారు లేచి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ అద్దంవైపు చూశారు.

"అట్లయితే నీ తప్పేం లేదు తల్లీ," అన్నారు. "నేనే ఆలస్యంగ వచ్చిన."