బుట్ట మూత తీసింది నేనే

పిల్లి బరువు ఎంతుంటుంది? చంకలో ఇమిడిపోతుంది. నేను మాత్రం ఒక పిల్లిని ఏళ్ల తరబడి మోస్తున్నాను, ఇంట్లోవాళ్ల ముందు కూడా దించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పాలనిపించింది.

మాది జువ్వలదిన్నెకు దగ్గర్లో ఒక రేవు ఊరు. నేను అక్కడ చేపలకు వేసే ఐసు అమ్మేదాన్ని. మా వెనకింట్లో కాటమ్మవ్వ ఉండేది. మొగుడు ఎప్పుడో సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చారల పిల్లి, బుజ్జమ్మ. అలాగని అవ్వను చూసి జాలిపడే పని ఉండేది కాదు. ఊళ్లో తగవొస్తే పెద్దమనుషులు కూడా ముందు అవ్వ ఏమంటుందో కనుక్కునేవారు.

ఒకసారి బుజ్జమ్మకు గొంతు కింద గడ్డ లేచి తిండి మానేసింది. పశువుల డాక్టరు చూసి, ఆపరేషన్ చేయాలి, నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. అవ్వ దగ్గర అంత డబ్బెక్కడిది? మా రేవులో ఒక అలవాటుంది. ఎవరికైనా ఆపదొస్తే ప్రతి పడవ నుంచీ కొన్ని చేపలు తీసి ఒక గంపలో పోసి, ఆ గంపను విడిగా వేలం పాట పెడతారు. వచ్చిన డబ్బు ఆ ఇంటికి పోతుంది. పిల్లి కోసం గంప పెడదామన్నది నేనే. అందరూ నవ్వారు. "మనుషులకే దిక్కు లేదు, పిల్లికి పాటంట" అన్నారు. తర్వాత ఒకడు వేళాకోళానికి ధర పెంచాడు, ఇంకొకడు పంతానికి పోయాడు. చవక చేపలు, కానాగంతల గంప ఖరీదైన వంజరం ధర పలికింది! ఆ పూట మావాళ్లకు ఏం పూనిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నెల్లూరు తీసుకుపోయే పని నా మీద పడింది. అవ్వ వెదురు బుట్టలో పిల్లిని పెట్టి, మూతకు తాడు కట్టి, దారిలో విప్పొద్దని మరీమరీ చెప్పింది. ఆటోలో పిల్లి దారిపొడుగునా అరిచింది. కొడవలూరు దగ్గర డ్రైవరు టీకి ఆపేసరికి అరుపు ఆగిపోయింది. చచ్చిపోయిందా? నిద్రపోయిందా? నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. మూత ఉన్నది ఏదైనా తీసి చూడాలి, ఉడుకుతున్న అన్నమైనా, పక్కింటివాళ్ల డబ్బా అయినా. తాడు విప్పాను. అది నా భుజం మీదుగా దూకి వరి చేలోకి పారిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా గట్ల వెంబడి తిరిగాను. కనిపించలేదు.

దాని మీద జాలితో తీశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఊరికే చూడాలనిపించింది. అంత చిన్న కారణానికి అంత పని జరుగుతుందా అని ఇప్పుడు కూడా ఆశ్చర్యపోతుంటాను.

అక్కడి నుంచే వెనక్కి వచ్చి ఏడ్చి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ రేవు రేవంతా ఇచ్చిన డబ్బు నా నడుముకు ఉంది, వాళ్ల నవ్వులు చెవుల్లో ఉన్నాయి. నెల్లూరు పోయాను. చేపల మార్కెట్ వెనక అదే సైజు చారల పిల్లి దొరికింది. చేప తలకాయ చూపించి పట్టాను. సిగ్గులేకుండా డాక్టరుకు చూపించి సూది కూడా వేయించాను. ఊరికొచ్చి, మందుకే గడ్డ కరిగిపోయిందని చెప్పి, మిగిలిన డబ్బు పెద్దమనుషులకు అప్పజెప్పాను. ఎంత నిజాయితీ గల మనిషి అని మెచ్చుకున్నారు.

ఊరంతా వచ్చి పిల్లిని చూసింది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎలా? రోజూ వాళ్ల కాళ్ల మధ్య తిరిగిన పిల్లే కదా. డబ్బు పెట్టినవాళ్లకు అది బతికిందని నమ్మాలని ఉంటుందేమో.

అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. మర్నాడు నా కొట్టు దగ్గరికి వచ్చింది.

"మే, నా పిల్లి యాడుందే?"

"ఏందవ్వా అట్టా అంటావు? నీ ఇంటికాడే ఉండాది గదా."

"అదీ మంచిదేలే. దానికీ కూడు పెడతా. నా బుజ్జమ్మ సంగతి అడగతా ఉండా. చచ్చిపోయుంటే చచ్చిపోయిందని చెప్పు. నిన్నేమీ అనను. ఎదురుచూడకుండా ఉంటా, అంతే."

"అదే బుజ్జమ్మ అవ్వా. మందులకు చిక్కిపోయింది, అందుకే నీకట్టా ఉండాది."

నా మొహంలోకి చూసింది. "సరే మే" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచి గడప బయట రెండు గిన్నెలు పెట్టేది. ఒకటి ఇంట్లో ఉన్నదానికి. ఇంకొకటి రావలసినదానికి. వీధి చివరిదాకా వెళ్లి బుజ్జమ్మా, బుజ్జమ్మా అని పిలిచేది, కొత్త పిల్లి ఆమె కాళ్ల దగ్గరే ఉండగా. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్లు తల పట్టుకుని, అవ్వకు మతి తప్పిందన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకున్నాను. మూసుకుని ఊరుకున్నా బాగుండేది. కుళాయి దగ్గర ఎవరో "పాపం ముసలిది" అంటే, "అవునక్కా, మొన్న నన్ను కూడా ఏదేదో అడిగింది" అన్నాను. ఎందుకన్నాను? నన్నెవరూ అడగలేదు కూడా.

తగవులకు ఆమెను పిలవడం మానేశారు. తర్వాత తడ నుంచి అవ్వ తమ్ముడి కొడుకు వచ్చాడు. దగ్గర్లోనే ఉండేదాన్నని నన్నే అడిగాడు, నిజంగా మతి సరిగా లేదా అని. అవును, సరిగా లేదన్నాను. ఇల్లు తాళం వేసి తీసుకుపోయాడు. ఆటో ఎక్కుతూ అవ్వ నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. తర్వాత అవ్వ తడలోనే చనిపోయిందని తెలిసింది. నేను వెళ్లలేదు.

బుజ్జమ్మ ఆ చేలల్లో ఎన్నాళ్లు బతికిందో తెలియదు. నన్ను క్షమించగలిగిన మనిషి లేదు, ఆ పని మీకు అప్పజెప్పను. మా ఊరివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి తెలుసుకోండి. కాటమ్మవ్వకు మతి తప్పలేదు. అది ఆమె పిల్లి కాదు.