తెల్ల మచ్చలు

చీము వాసన నాకు చివరిదాకా అలవాటు కాలేదు. పందొమ్మిది వందల యాభైల చివర కర్నూలులో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఎండాకాలంలో చీము సీసా మూత తీస్తే తిన్న అన్నం గొంతులోకి వచ్చేది.

బద్వేలు వైపు రైతు ఒకాయన విరిగిన తుంటి ఎముక తలకు బదులు మద్రాసులో లోహపు బంతి పెట్టించుకొచ్చాడు. ఏడాది తిరక్కముందే తొడ పక్కన చిల్లిపడి చీము కారసాగింది. ఏ క్రిమి చేరిందో నేను తేలిస్తే, బంతి తీసేసి ఎముకనైనా దక్కించుకోవచ్చని సర్జన్ ఆశ.

క్రిములు పెరిగేందుకు పళ్ళెంలో నెత్తురు కలిపిన జెల్లీ పోసి, దాని మీద చీము పూశాను. మర్నాటికి తెల్ల మచ్చలు మొలిచాయి. బంగారు రంగువైతే రోగం, తెల్లవైతే ఎవరి చేతుల నుంచో అంటిన, హాని చేయని చర్మం మీది మురికి. మాకు నేర్పింది అదే. "మురికి చేరింది, మళ్ళీ పంపండి" అని రాశాను. రెండోసారీ తెల్లవే. మూడోసారీ అవే మొలిచేసరికి ఒళ్ళు మండి వార్డుకే పోయాను.

కట్లు కట్టి, చీము పట్టి నాకు పంపే ముసలాయన చేతులు పట్టుకుని, అందరూ చూస్తుండగా గోళ్ళు తిప్పి చూశాను. "చేతులు కడుక్కోవడం రాదా నీకు? రోత పుడుతోంది!"

"మూడు తూర్లు సబ్బేసి కడిగినా సార్," అన్నాడాయన. గోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. అయినా నమ్మలేదు.

మంచం మీంచి రైతు అడిగాడు. "ఏమప్పా, నా పురుగు దొరికెనా?"

"శుభ్రంగా పంపితే దొరుకుతుంది," అన్నాను.

నెలలు గడిచాయి. జ్వరం తగ్గకపోయేసరికి సర్జన్ తుంటి కోసి, బంతిని ఎవరి చేయీ తగలకుండా ఉడికించిన డబ్బాలో వేసి నాకు పంపాడు. దాని మీద చేప ఒంటి జిగురులాంటి పొర. ముక్కు మూసుకుని గీకి, జెల్లీ మీద పూశాను. మర్నాడు పళ్ళెమంతా తెల్ల మచ్చలే. మరో రకం ఒక్కటి లేదు. అప్పటికే ఎముక పిండైపోయింది. ఇక రైతు ఆ కాలు నేల మీద ఆనించలేడని సర్జన్ చెప్పాడు.

ఆ రోజు చీము కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేసింది. వార్డుకు పోయాను. ముసలాయన అప్పుడే కట్టు విప్పబోతూ చేతులు కడుక్కుంటున్నాడు.

"దొరికిందాప్పా?" అన్నాడు రైతు.

"దొరికింది."

"ఎప్పుడు దొరికె?"

"మొదటి రోజే," అన్నాను.

ముసలాయన నావైపు తిరగలేదు. సబ్బు తీసుకుని ఇంకోసారి రుద్దుకున్నాడు.