తాతయ్య ఇచ్చిన తప్పుడు లైన్ క్లియర్

నా చిన్నప్పుడు మా తాతయ్య చేత జన్మలో ఒకే ఒక్క తప్పుడు లైన్ క్లియర్ ఇప్పించినదాన్ని నేనే. ముప్పై ఏళ్లకు పైగా నల్లకోటు వేసుకుని, అణుబాంబులు వద్దని దేశదేశాల సభల్లో వాదిస్తున్నాను. "బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినదానివి, నీకెందుకమ్మా ఆ బాంబుల గొడవ?" అని ఇప్పటికీ అడుగుతారు. ఒళ్లు మండుతుంది. ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి కూర్చున్నచోట కూర్చోలేను.

తాతయ్య కర్గీ రోడ్ వైపు చిన్న స్టేషన్లలో మాస్టరుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరే ఉండేవారు. ఆయన రోజుల్లో అటు ఒకటే లైను. అవతలి స్టేషన్ మాస్టరు "లైన్ క్లియర్" అని మాటిస్తేగానీ ఇవతలి బండి కదలకూడదు. ఆ మాట తప్పైతే రెండు బండ్లు ఎదురెదురే. లైను ఖాళీగా ఉందని కళ్లారా చూశాకే చెప్పేవాణ్ణని ఆయనకు మహా గర్వం.

ఆ ఎండాకాలం మా వరస క్వార్టర్ల పిల్లలకీ, ఎదురు వరస వాళ్లకీ కుళాయి దగ్గర మొదలైన తగువు రాళ్ల దాకా వచ్చింది. పట్టాల కింది కంకర తెచ్చి డాబాల మీద పోగేశాం. వాళ్లు పోగేస్తున్నారని మేము, మేము పోగేస్తున్నామని వాళ్లు. ఎవరి కన్నో పోతుందని అందరికీ తెలుసు, అందరికీ భయమే. అయినా ముందుగా దించడానికి ఒక్కరికీ మనసొప్పలేదు.

తాతయ్య కర్ర పట్టుకుని రెండు వరసల మధ్య నిలబడ్డారు. అందరూ చూస్తుండగా మేమో బకెట్టు, వాళ్లో బకెట్టు దించాలన్నారు. గొణుక్కుంటూనే దించాం. డాబాలు ఖాళీ అయ్యాక నా వైపు తిరిగారు.

"ఇంకేటైనా దాచీసేవేటే, అమ్మలూ?"

"లేదు తాతయ్యా."

నా గౌను జేబులో ఒక రాయి ఉంది. వాళ్లు దాచుకుంటేనో? ఒక్కటైనా ఉండనీ అనుకున్నాను. తాతయ్య నా జేబు తడమలేదు. ఎదురు వరసకేసి చెయ్యెత్తి, మా వైపు ఇంకేమీ లేదన్నట్టు వాళ్ల హిందీలో, "హమారా తరఫ్ లైన్ క్లియర్!" అన్నారు.

అరగంట కాలేదు. తమ్ముడూ నేనూ కుళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాం. నేను వంగేసరికి ఆ రాయి జారి సిమెంటు గట్టు మీద పడింది. ఎదురింటి అమ్మాయి చూడనే చూసింది. "అరే, ఝూఠీ! బుడ్ఢా భీ ఝూఠా!" అని అరిచింది. నన్ను అబద్ధాలకోరు అన్నందుకు కాదు, తాతయ్యని అన్నందుకు నా గుండె కలుక్కుమంది. వెంటనే అటునుంచి ఒక రాయి వచ్చింది. నాకు తగల్లేదు. తమ్ముడి కనుబొమ్మ చిట్లింది, కంటికి వేలెడు దూరంలో.

రైల్వే ఆసుపత్రిలో కుట్లు వేయించుకొచ్చాక కూడా తాతయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండును. "నేనే చూడకుండా లైన్ క్లియర్ ఇచ్చీసేను. తప్పు నాదే" అన్నారు. ఆ ముఖం చూడలేక ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే అందర్నీ కుళాయి దగ్గరికి పిలిచారు. ముందు తన లాల్చీ జేబులు బయటికి లాగి చూపించారు, పొడుం డబ్బాతో సహా. తరవాత నేను. ఆ తరవాత ఎదురింటి అమ్మాయి. దాని జేబులోంచి రెండు రాళ్లు పడ్డాయి! ఇద్దరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. ఆ ఎండాకాలం మళ్లీ రాయి లేవలేదు.

మొన్నొక సభలో ఓ పెద్దమనిషి, "అన్నీ తీసేద్దాం మేడమ్, ఒక్కటి మాత్రం ఉండనిద్దాం. వాళ్లు దాచుకుంటేనో?" అన్నాడు. కోపం రాలేదు. ఆ మాట నాదే మరి. ఇంటికొచ్చి తమ్ముడికి వీడియో కాల్ చేశాను. ముసలివాడైపోయాడు, తెల్లబడిన ఆ కనుబొమ్మలో కుట్ల గీత మాత్రం అలాగే ఉంది. వాదనకు లేచే ముందు ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే నల్లకోటు జేబులోకి పోతుంది, ఖాళీగానే ఉందా అని.