పై వాటా ఖాళీగా ఉండకూడదు

వీధిలో అందరికీ ఆమె తాళాల పిన్ని. కింది వాటాలో ఉంటూ బట్టలు కుడుతుంది. పై వాటా అద్దెకిస్తుంది. పాతవాళ్ల సామాను దిగుతుండగానే కొత్తవాళ్ల సామాను ఎక్కుతుంది. మధ్యలో రంగులాయన గది వెంట గదికి రంగేసుకుంటూ పరిగెత్తాలి.

"గోడ ఆరొద్దా పిన్నీ? అది నీ కేకలకు భయపడదు."

"నువ్వు భయపడు, చాలు."

అద్దె యావ అనుకుంటారు. కాదు.

పైన ఒకప్పుడు ఆమె అక్క ఉండేది. మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం కుర్చీని కిటికీ దాకా ఈడ్చుకునేది. అక్క పోయిన రోజూ ఆ చప్పుడు వినిపించింది. పైకి వెళ్తే కుర్చీ కిటికీ దగ్గర ఉంది. అక్క మంచం మీద ఉంది. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది.

పైన మనుషులుంటే చప్పుడు వాళ్లది. ఎవరూ లేకపోతే ఎవరిదనుకోవాలి?

అందుకే ఎప్పుడూ ఓ చెవి మెట్ల మీదే. ఈమధ్య పైనున్న బ్యాంకాయన ఫోనులో బదిలీ అన్నాడు. మర్నాడు, ఇంట్లో ఎవరూ లేరనుకుని, తన దగ్గరున్న తాళంతో తలుపు తీసి ఓ కొత్త జంటకు గదులు చూపించసాగింది. తడి జుట్టుతో బ్యాంకాయన భార్య ఎదురొచ్చింది.

"బదిలీ మా తమ్ముడికండీ! మమ్మల్నీ సామానుతో పాటు లారీ ఎక్కించేద్దామనా?"

కొత్త జంట చెప్పులేసుకుంది. "రేపు మాకూ ఇంతేగా" అంది ఆ అమ్మాయి, మెట్లు దిగుతూ.

నెలాఖరుకు బ్యాంకాయన వాళ్లు నిజంగానే ఖాళీ చేశారు. అద్దెకు ఇంకెవరూ రాలేదు.

మధ్యాహ్నం మిషను ఆపకుండా తొక్కింది. దారం అయిపోయినా తొక్కింది. చివరికి కాళ్లు ఆగాయి.

పైన చప్పుడు లేదు.

మర్నాడూ లేదు. ఆ మర్నాడు మిషను ముట్టుకోకుండా కూర్చుంది. గొంతు పెంచి "అక్కా" అంది. వీధిలో ఎవరో బకెట్ కింద పెట్టారు. అంతే.

ఇన్నేళ్లూ విన్నవన్నీ అద్దెకున్నవాళ్ల కుర్చీలేనేమో. అక్క ఎప్పుడో వెళ్లిపోయిందేమో, చెప్పకుండా.

రంగులాయనను పిలిచి మిషను పైకి మోయించింది. కిటికీ పక్కన పెట్టించింది.

"ఈ వయసులో మెట్లెందుకు పిన్నీ? మరి కిందెవరుంటారు?"

ఆమె గది నాలుగు మూలలూ చూసింది.

"చూద్దాంలే. తొందరేం లేదు."