వెనకంటే పడమర

మా అత్తగారు పుట్టింది ఇక్కడే, ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో. వాళ్ళ నాన్న ఐర్లండ్ పడమటి తీరంలో ఒక పల్లె నుంచి ఇక్కడి కార్ల ఫ్యాక్టరీకి వచ్చి, మళ్ళీ అటు వెళ్ళలేదు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాక ఆవిడకి కోరిక పుట్టింది, నాన్న పుట్టిన పొలంలో ఒక్కసారి నిలబడాలని.

"నడవగలిగినన్నాళ్ళూ ఏం చేశారు ఆంటీ?" అన్నాను. పెళ్ళికి ముందు అలవాటైన పిలుపు, మారలేదు.

"నైట్ షిఫ్టులు చేశాను. నడవగలిగిన నువ్వేం చేస్తున్నావు, నా కొడుకుతో పోట్లాడటం తప్ప?" అన్నారు. మాకిద్దరికీ అందుకే పడుతుంది.

అక్కడి పాత భూమి పన్ను జాబితాలూ, మ్యాపులూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మా ఆయన పల్లెని సులువుగానే పట్టుకున్నాడు. తీరా చూస్తే అందులో ఆవిడ ముత్తాత పేరుతోనే ఇద్దరు రైతులున్నారు. రెండు పొలాలు, రెండు నంబర్లు. ఆ మోకాళ్ళతో ఆవిడని రెండు చోట్ల బురదలో తిప్పలేం. ఏదో ఒకటే తేల్చుకుని, ఇప్పటి యజమానిని అడగాలి.

మా గోదావరి వైపు విస్తీర్ణం ఎంత రాసినా ఎవరూ నమ్మరు, దస్తావేజులో ముందు నాలుగు హద్దులు చూస్తారు. అందుకని ఆవిడని అడిగాను, "చుట్టూ ఎవరుండేవారని చెప్పేవారు మీ నాన్న?"

"మా వెనకాల విధవరాలి చేను అనేవాడు. ఆవిడ ఎప్పుడో పోయినా పేరు అలా ఉండిపోయిందట. అందులోంచి మేకలొచ్చి మా క్యాబేజీ తినేసేవట."

జాబితాలో ఒక పేరు పక్కన 'విధవరాలు' అని ఉంది. ఆవిడ చేను మొదటి పొలానికి ఉత్తరాన, రెండోదానికి పడమట. రెండు ఇళ్ళూ మ్యాపులో చిన్న నల్ల చుక్కలు, ఏది ఎటు తిరిగి ఉందో తెలీదు.

"ఇల్లు రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. రోడ్డు దక్షిణాన ఉంది కాబట్టి వెనకంటే ఉత్తరం. మొదటిదే" అన్నాడు మా ఆయన.

"వెనకంటే పడమర" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"సంస్కృతం. పూర్వమంటే ముందు, తూర్పు. పశ్చిమమంటే వెనక, పడమర. మా తాత దస్తావేజులో పశ్చిమం అనే ఉంటుంది."

"మీ తాత ఐర్లండ్‌లో పొలం కొనలేదుగా."

"కొనుంటే నీకీ తంటా ఉండేది కాదు."

నిజం చెప్పాలంటే నా దగ్గర రుజువేం లేదు. వాదన మొదలుపెట్టాక వదలడం నాకు రాదు, అంతే.

సోఫాలోంచి అత్తగారు నవ్వడం మొదలుపెట్టారు. "ఇక్కడ కోవెంట్రీలో మా ఇంటి ముందు గది పడమటి వైపు ఉండేది. నాన్న టీ కప్పు పట్టుకుని 'నేను వెనక్కి, ముందు గదిలోకి పోతున్నా' అనేవాడు. ఈయనకి ముందూ వెనకా తెలీదని అమ్మ బతికినన్నాళ్ళూ ఏడిపించింది."

మా ఆయన కాసేపు వెతికి, ఆ ప్రాంతంలో నిజంగానే పడమరని వెనక అంటారనీ, వాళ్ళ పాత భాషలోంచే వచ్చిందనీ మెల్లగా ఒప్పుకున్నాడు.

"పశ్చాత్తాపంలో ఉన్నదీ ఆ మాటే. అది కూడా కాస్త చూపించు" అన్నాను. లేచి టీ పెట్టాడు. నాకది చాలు.

రెండో పొలం యజమానికి మెసేజ్ పెడితే, గేటు తీసి ఉంచుతాను రమ్మన్నాడు. కారుతో సహా ఫెర్రీ ఎక్కి వెళ్ళాం. తుంగ, తడి, ఒకప్పుడు ఇల్లున్న చోట నాలుగు రాళ్ళు. చూడ్డానికేం లేదు. ఆవిడ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

తర్వాత "నన్ను వెనక్కి తిప్పు" అన్నారు. మా ఆయన గబగబా వచ్చి కారు వైపు తిప్పబోయాడు.

"అటు కాదురా!"

నేను పడమటికి తిప్పాను. గోడ అవతల విధవరాలి చేలో ఆవులు మేస్తున్నాయి. "మేకలు లేవు ఆంటీ" అన్నాను.

"మరి ఇటు క్యాబేజీ కూడా లేదుగా" అన్నారు ఆవిడ.